టీ నగర్ పెళ్ళి షాపింగ్‌లో కార్ పార్కింగ్: షాపు వాలెట్‌కి 1 స్టార్, తణికాచలం రోడ్ బిల్డింగ్‌కి 4

ముందే చెప్తున్నా, ఇది చీరల రివ్యూ కాదు. చీరలు బాగున్నాయి, మా పిన్నికి నచ్చాయి, రేటు కూడా పర్లేదు. ఇది ఆ షాపు గుమ్మం ముందు నిలబడి కార్ తాళం తీస్కుని, బండి వాళ్ళే తీసుకెళ్ళి పార్క్ చేసే వాలెట్ సర్వీస్ మీద, ఆ తర్వాత మేం వెతుక్కుని వెళ్ళిన కార్పొరేషన్ పార్కింగ్ మీద, ఈ రెండిటి మధ్యలో నాకు కొత్తగా తెలిసిన కొన్ని విషయాల మీద. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి ఇన్ని వైపుల నుంచి మనోళ్ళు పెళ్ళి బట్టలకీ బంగారానికీ చెన్నై టీ నగరే వస్తారు కదా, ఇప్పుడు చాలామంది సొంత కార్లోనే వస్తున్నారు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

నేను వలసరవాక్కంలో ఉండబట్టి 14 ఏళ్ళు. మా బాబాయి కూతురికి పెళ్ళి కుదిరింది, ముహూర్తం రెండు నెలలుంది అనగా బాబాయి, పిన్ని, పెళ్ళికూతురు, నాయనమ్మ నలుగురూ నాయుడుపేట నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చేశారు. కోయంబేడు దగ్గర నేను ఎక్కి స్టీరింగ్ నేనే తీసుకున్నా, ఎందుకంటే టీ నగర్ రోడ్లు బాబాయికి అలవాటు లేదు, పైగా పానగల్ పార్క్ చుట్టూ మెట్రో పనులు, ఎటు మళ్ళిస్తారో రోజూ తిరిగేవాళ్ళకే తెలీదు. షాపు ముందుకి వెళ్ళేసరికి పదకొండు. నాయనమ్మకి మోకాళ్ళు నొప్పి, దూరం నడవలేదు, గుమ్మం ముందే దింపాలి, వెనకాల ఆటోవాడు హారన్ మోగించేస్తున్నాడు, అంతలో యూనిఫాం వేసుకున్న కుర్రాడు పరిగెత్తుకొచ్చి డోర్ తీసి "వాలెట్ సార్, ఫ్రీ సార్" అని టోకెన్ చేతిలో పెట్టాడు. ఆ నిమిషంలో ఎవరైనా తాళం ఇచ్చేస్తారు. నేనూ ఇచ్చేశా. బండి ఎక్కడ పెడతావు తమ్ముడూ అని ఒక్క మాట అడగలేదు.

మూడు గంటలు లోపల ఉన్నాం. బయటికొచ్చి టోకెన్ ఇస్తే ఇరవై నిమిషాలకి కార్ వచ్చింది, గీతలేం పడలేదు, కుర్రాడికి యాభై ఇచ్చా, నవ్వుతూ దణ్ణం పెట్టాడు. అప్పుడే రివ్యూ రాసుంటే ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

ఆరు రోజులు అయ్యాక బాబాయి ఫోన్. "ఏందిరా ఇది, నా పేరు మీద మెడ్రాసులో చలాన్ పడిందంట, నువ్వేమన్నా సిగ్నల్ దాటావా?" అన్నాడు. ఆయన సెల్‌కి మెసేజ్ వచ్చింది, బండి ఏపీ 39 రిజిస్ట్రేషన్, ఐనా ఇప్పుడు కేంద్రం వాళ్ళ పరివాహన్ ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్ కొడితే చాలా రాష్ట్రాల్లో పడినవి కనిపిస్తాయి. నేను ఓపెన్ చేసి చూశా. నో పార్కింగ్, 500 రూపాయలు, కింద ఫోటో. ఆ ఫోటోలో మా కార్ షాపుకి రెండు వీధుల అవతల, రెండు చక్రాలు ఫుట్‌పాత్ మీద ఎక్కించి ఉంది, దాని పక్కనే నో పార్కింగ్ బోర్డు శుభ్రంగా కనిపిస్తోంది, టైమ్ పన్నెండుంపావు. పన్నెండుంపావుకి మేం మూడో అంతస్తులో కూర్చుని అంచు పెద్దదా చిన్నదా అని మాట్లాడుకుంటున్నాం.

500 పెద్ద డబ్బు కాదు, పెళ్ళి ఖర్చులో అది లెక్కలోకే రాదు. కానీ బాబాయి ముప్పై ఏళ్ళుగా బండి నడుపుతున్న మనిషి, ఆయన పేరు మీద ఇదే మొదటి చలాన్, ఆయన చెయ్యని తప్పుకి. ఆ మాట నాకు చాలా బాధ అనిపించింది. పైగా మోటార్ వెహికల్స్ చట్టంలో 177 సెక్షన్ 2019 సవరణ తర్వాత ఎలా ఉందంటే మొదటిసారి 500 దాకా, మళ్ళీ దొరికితే 1500 దాకా. తమిళనాడులో పెరిగిన ఫైన్లు 2022 అక్టోబర్ నుంచి వసూలు చేస్తున్నారు. అంటే రేపు ఇంకోసారి ఇంకెవడో ఇలాగే పెడితే బాబాయికి అది రెండో తప్పు కింద పడొచ్చు.

శనివారం షాపుకి వెళ్ళా. షాపు పేరు రాయను, దీన్ని వాళ్ళొక్కరే చేస్తున్నట్టు అనుకోవద్దు. మేనేజర్ మర్యాదగానే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు, టోకెన్ వెనక్కి తిప్పి చూపించాడు, బండికి ఏం జరిగినా ఓనర్‌దే బాధ్యత అని చీమ తలకాయంత అక్షరాలతో ఉంది. మీ సెల్లార్‌లో ఎందుకు పెట్టలేదు అని అడిగితే సెల్లార్‌లో స్టాక్ ఉంది సార్ అన్నాడు, అదేదో మామూలు విషయం అన్నట్టు. మరి మా బండి రోడ్డు మీద పెట్టే హక్కు మీకెవరిచ్చారంటే "రోడ్ కార్పొరేషన్‌ది సార్, చలాన్ పోలీసుది, మేం ఏం చేస్తాం" అన్నాడు. ఈ మాటే నన్ను ఇంత దూరం తీసుకొచ్చింది.

దగ్గర్లో డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్‌ని అడిగా. ఆయన ఎండలో నిలబడి ఉన్నాడు, ఐనా ఓపిగ్గా వివరం చెప్పాడు. "వండి యార్ పేర్ల ఇరుక్కో అవంగలుక్కుదాన్ సార్ చలాన్" అన్నాడు, అంటే బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళకే, తాళం ఎవరి చేతిలో ఉందో మాకెలా తెలుస్తుంది అని. ఆయన చెప్పింది నిజమే, ఆయన ముందు ఫుట్‌పాత్ మీద ఒక కార్ ఉంది, ఫోటో తీశాడు. ఆయన్ని నేను ఏమీ అనను.

మా అపార్ట్‌మెంట్‌లో కార్పొరేషన్ ఇంజనీర్‌గా చేసి రిటైర్ అయిన పెద్దాయన ఉన్నారు, మదనపల్లె వైపు మనిషి, ఆయన దగ్గర సాయంత్రం రెండు గంటలు కూర్చున్నా. అప్పటిదాకా నేను పార్కింగ్ అంటే మొత్తం ట్రాఫిక్ పోలీసులదే అనుకునేవాణ్ణి, మీలో చాలామంది కూడా అలాగే అనుకుంటుంటారు. అలా లేదు. రోడ్డు కార్పొరేషన్‌ది, బండి పెట్టుకోడానికి తెల్లగీతలు గీసేదీ, గంటకి ఇంత అని రేటు పెట్టేదీ, వసూలుకి మనిషిని పెట్టేదీ కార్పొరేషన్. ఎక్కడ పెట్టకూడదో బోర్డు పెట్టించేదీ, పెడితే చలాన్ రాసేదీ, చక్రానికి తాళం వేసేదీ, బండి లాక్కెళ్ళేదీ పోలీసు. అసలు బండ్లు ఆపుకునే చోట్లు ఖాయం చెయ్యడం అనేది చట్టంలో 117 సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారం ఇచ్చిన వాళ్ళు గానీ, ఆ ఏరియా స్థానిక సంస్థతో సంప్రదించి చెయ్యాలి. అంటే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి అని చట్టంలోనే ఉంది. 127 సెక్షన్‌లో ఇంకా స్పష్టంగా ఉంది: పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెట్టిన బండి గానీ, పది గంటలకి పైన దిక్కులేకుండా వదిలేసిన బండి గానీ, దాన్ని తీయించాలన్నా చక్రం లాక్ చెయ్యాలన్నా అక్కడి పరిధి ఉన్న, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి చెప్పాలి. లాక్కెళ్ళిన ఖర్చు ఓనర్ కట్టాలి, ఫైన్ దానికి వేరే.

దీని అర్థం ఏంటో మీరు రోడ్డు మీదే చూడొచ్చు. కార్పొరేషన్ పార్కింగ్‌లో రసీదు మెషిన్ పట్టుకుని తిరిగే మనిషి ఉంటాడు కదా, ఆయనకి డబ్బులు అడిగే పని ఉంది గానీ మీరు ఇవ్వకుండా వెళ్ళిపోతే ఏం చెయ్యలేడు. గీత బయట పెడితే ఏం చెయ్యలేడు, రెండు కార్ల చోటులో అడ్డంగా పెడితే ఏం చెయ్యలేడు, బతిమాలతాడు, ఫోన్ చేసి పోలీసుని పిలవాలి, పోలీసు వచ్చేలోపు వీడు వెళ్ళిపోతాడు. అటు పోలీసుకి రాసే అధికారం ఉంది గానీ, సార్ మరి ఎక్కడ పెట్టమంటారు అని అడిగితే చూపించడానికి ఆయన చేతిలో చోటు లేదు. చోటు చూపించేవాడికి శిక్షించే అధికారం లేదు, శిక్షించేవాడికి చోటు చూపించే పని లేదు. బండి వాడు మధ్యలో అడకత్తెరలో పోకచెక్క.

డబ్బు కూడా రెండు దారుల్లో పోతుంది. పార్కింగ్ ఫీజు కార్పొరేషన్ ఖాతాకి, చలాన్ డబ్బు రాష్ట్ర ప్రభుత్వ ఖజానాకి. బోర్డులు లేక, గీతలు చెరిగిపోయి జనం తప్పుగా పెడితే ఆ ఫైన్ డబ్బుతో ఆ గీత మళ్ళీ గీయించే ఏర్పాటు నేరుగా ఏదీ నాకు కనిపించలేదు.

మూడోది ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు, నాకు ఎక్కువ కోపం వచ్చేది దాని మీదే. షాపు బిల్డింగ్. ఇంత విస్తీర్ణం కట్టుకుంటే ఇన్ని కార్లకి చోటు వదలాలి అని బిల్డింగ్ రూల్స్‌లో ఉంది, తమిళనాడుకి 2019లో అన్నీ కలిపి ఒకే రూల్స్ చేశారు, ప్లాన్ పాస్ చేసేది సైజుని బట్టి సీఎండీఏ (చెన్నై మహానగర అభివృద్ధి సంస్థ) గానీ కార్పొరేషన్ గానీ. ప్లాన్‌లో సెల్లార్ పార్కింగ్ అని చూపిస్తారు, కట్టాక అందులో చీరల మూటలు పెడతారు. అప్పుడు ఆ షాపుకొచ్చే కార్లన్నీ రోడ్డు మీదకొస్తాయి. రోడ్డు మీద కనిపించేది మాత్రం మన నంబర్ ప్లేటు. సెల్లార్‌లో ఏముందో చూసే అధికారం కానిస్టేబుల్‌కి లేదు, రోడ్డు మీద కార్‌కి చలాన్ రాసే అధికారం ప్లాన్ చూసేవాళ్ళకి లేదు. ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేసినా సరే షాపువాడి తప్పు మా బాబాయి ఖాతాలోకి వెళ్ళిపోయింది.

అందుకే వాలెట్‌కి 1 స్టార్. ఆ ఒక్కటీ నాయనమ్మని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించిన కుర్రాడికి, సర్వీస్‌కి కాదు. వాడికి కూడా చోటు చూపించకుండా నెలకి ఇంత జీతం అని పెట్టి రోడ్డు మీదకి వదిలేశారు, పాపం వాడేం చేస్తాడు, ఎక్కడ సందు దొరికితే అక్కడ పెడతాడు.

ఈ గొడవంతా మా మేనత్త కొడుకుతో ఫోన్లో చెప్పుకుంటే, వాడు ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటాడు, అక్కడ వేరేగా చేస్తార్రా బావా అన్నాడు. ఒకప్పుడు అక్కడా పార్కింగ్ తప్పు అంటే పోలీసు కేసే. తర్వాత 1991 చట్టంతో మొదలుపెట్టి లండన్‌లో 1994 కల్లా మామూలు పార్కింగ్ తప్పుల్ని పోలీసుల దగ్గర్నుంచి తీసి కౌన్సిళ్ళకి ఇచ్చేశారు. 2004లో ట్రాఫిక్ మేనేజ్‌మెంట్ యాక్ట్ అని ఇంకో చట్టం తెచ్చి 2008 మార్చి 31 నుంచి కొత్త పద్ధతి అమల్లో పెట్టారు. గీత గీసేదీ కౌన్సిలే, టికెట్ పెట్టేదీ కౌన్సిల్ మనిషే, యూనిఫాం ఉంటుంది గానీ పోలీసు కాదు. దారి పూర్తిగా మూసేసినా, ప్రమాదంగా పెట్టినా అది మాత్రం ఇంకా పోలీసులదే. లండన్ బయట పెద్ద తప్పులకి 70 పౌండ్లు, 14 రోజుల్లో కడితే సగం. ఒప్పుకోకపోతే ముందు కౌన్సిల్‌కి రాయొచ్చు, వాళ్ళు కాదంటే విడిగా ట్రిబ్యునల్ ఉంది, దానికి ఫీజు లేదు. రోడ్డు మీద పార్కింగ్‌లో కౌన్సిల్‌కి మిగిలిన డబ్బు రోడ్లకీ రవాణాకీ లాంటి వాటికే వాడాలి అని చట్టంలో రాసి ఉంది.

ఇది విన్నాక నాకు మొదట ఇక్కడ కూడా అంతే చేసేస్తే పోలా అనిపించింది. కానీ మా తమ్ముడు బెంగుళూరులో ఉంటాడు, వాడు అక్కడి టోయింగ్ సంగతి గుర్తు చేశాడు. అక్కడ పోలీసుల తరఫున ప్రైవేట్ వాళ్ళ టోయింగ్ బండ్లు తిరిగేవి, మనిషి పక్కనే నిలబడి ఉన్నా బైక్ ఎత్తి పడేస్తున్నారని జనం బాగా తిరగబడ్డారు, చివరికి 2022 మొదట్లో టోయింగే ఆపేశారు. ఎన్ని బండ్లు ఎత్తితే అంత ఆదాయం అనే మనిషికి ఎత్తే అధికారం ఇస్తే అలాగే ఔతుంది. కాబట్టి మన రసీదు మెషిన్ కాంట్రాక్టర్‌కి ఫైన్ రాసే అధికారం ఇవ్వమని నేను అడగను. జీతం మీద పనిచేసే, తప్పు రాస్తే జవాబు చెప్పాల్సిన కార్పొరేషన్ ఉద్యోగి ఉండి, మన మాట వినడానికి పోలీసూ కార్పొరేషనూ కాని మూడో చోటు ఒకటి ఉంటే, అప్పుడు ఆలోచించొచ్చు.

సరే, రెండో ట్రిప్. బంగారానికి మళ్ళీ రావాల్సొచ్చింది, ఈసారి బాబాయి నేను తాళం ఎవరికీ ఇయ్యను అని ముందే చెప్పేశాడు. తణికాచలం రోడ్‌లో కార్పొరేషన్ కట్టిన మల్టీ లెవెల్ పార్కింగ్‌కి తీసుకెళ్ళా. పాండీ బజార్‌ని 2019 నవంబర్‌లో స్మార్ట్ సిటీ కింద నడిచేవాళ్ళ కోసం మార్చారు కదా, రోడ్డు మీద బండ్ల చోటు తగ్గించి ఫుట్‌పాత్ వెడల్పు చేశారు, ఆ బండ్లకి బదులుగా పక్కనే ఈ బిల్డింగ్ కట్టారు, 222 కార్లకీ 513 బైకులకీ అని లెక్క. కార్లకి మెషిన్ పద్ధతి. మనం పళ్ళెం లాంటి దాని మీదకి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, అందరూ దిగి, అద్దాలు మడిచి తాళం వేసుకుని బయటికి రావాలి, అది పైకి తీసుకెళ్ళి పెడుతుంది. బాబాయి అది పైకెళ్ళేదాకా కదల్లేదు, చిన్నపిల్లాడిలా చూస్తూ నిలబడ్డాడు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే మనసుకి నెమ్మది. రోడ్డు మీద పెడితే లోపల గాజులు చూస్తున్నా మనసు బండి మీదే ఉంటుంది. ఇక్కడ చోటు కార్పొరేషన్‌దే, ఫీజు కార్పొరేషన్‌దే, లోపల నో పార్కింగ్ బోర్డు అనే మాటే లేదు, చలాన్ వచ్చే దారే లేదు. తాళం మన జేబులో ఉంది. అదొక్కటే చాలు నాలుగు స్టార్లకి. అక్కడి నుంచి పాండీ బజార్ వెడల్పు ఫుట్‌పాత్ మీద నడుచుకుంటూ వెళ్ళాం, నాయనమ్మ ఈసారి రాలేదు గానీ వచ్చుంటే మధ్యలో కూర్చోడానికి బెంచీలు కూడా ఉన్నాయి, మెల్లిగా తీసుకెళ్ళొచ్చు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే పెద్దవాళ్ళకి ఇంకా ఇబ్బందే. దుకాణాలు పానగల్ పార్క్ వైపు, ఉస్మాన్ రోడ్ వైపు ఎక్కువ, అక్కడికి చేతిలో సంచులతో నడక. ముందు పెద్దవాళ్ళని షాపు దగ్గర దింపి, మీరొక్కరే పార్కింగ్‌కి వెళ్ళడం మంచిది. మెషిన్ పార్కింగ్ ఎక్కడైనా సరే అందరూ ఒకేసారి బండి అడిగితే వరసలో ఆగాలి, రాత్రి షాపులు మూసే టైమ్‌కి కాకుండా కొంచెం ముందే రండి. పెద్ద ఎస్‌యూవీ ఐతే ఎత్తు, బరువు సరిపోతాయో లేదో గేటు దగ్గరే అడగండి.

రేటు సంగతి. కార్పొరేషన్ రోడ్డు పక్క పార్కింగ్‌కి ఇంతకుముందు పెట్టిన రేటు కార్‌కి గంటకి 20, బైక్‌కి 5, పాండీ బజార్ లాంటి ప్రీమియం చోట కార్‌కి 60, బైక్‌కి 15. కాంట్రాక్టులు మారినప్పుడు ఇవి కూడా మారుతుంటాయి కాబట్టి బోర్డు చూసి కట్టండి, రసీదు లేకుండా మాత్రం ఎవరికీ రూపాయి ఇవ్వొద్దు. కొన్ని వీధుల్లో ఏ బ్యాడ్జీ లేకుండా ఎవరో వచ్చి "సార్ నేను చూస్కుంటా" అని చెయ్యి చాపుతారు, ఆ మనిషి కార్పొరేషన్ కాదు, పోలీసు కాదు, మీరు అటు వెళ్ళగానే ఆయన కూడా ఉండడు.

రోడ్డు పక్కనే పెట్టాల్సొస్తే నేను ఇప్పుడు ఏం చేస్తున్నానో చెప్తా. దిగగానే బండి, కింద గీత, దగ్గర్లో ఉన్న బోర్డు మూడూ వచ్చేలా ఒక ఫోటో. రసీదు ఫోటో. ఫోటోలో టైమ్ ఉంటుంది కాబట్టి రేపు చలాన్ వస్తే చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఇంకోటి, బోర్డు లేదు కదా అని పెట్టేయొద్దు. 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్‌లో ఫుట్‌పాత్ మీద, జీబ్రా క్రాసింగ్ మీద, బస్టాప్ దగ్గర, వేరే వాళ్ళ గేటు ముందు, ఆగి ఉన్న బండి పక్కన ఇంకో వరసగా, ఇలాంటి చోట్ల పెట్టకూడదని ఉంది, వీటికి విడిగా బోర్డు అక్కర్లేదు. మా బాబాయి కార్ రెండు చక్రాలు ఫుట్‌పాత్ మీద ఉన్నాయి కాబట్టి బోర్డు లేకపోయినా అది తప్పే. ఫుట్‌పాత్ మీద కార్ ఉంటే నాయనమ్మ లాంటి మనిషి రోడ్డు మీదకి దిగి బస్సుల మధ్య నడవాలి, అందుకే ఆ చలాన్ రాసిన కానిస్టేబుల్ మీద నాకు కోపం లేదు. కట్టేశాను, చెన్నైలో 2018 నుంచి ట్రాఫిక్ ఫైన్లు క్యాష్ లేకుండానే కట్టాలి, కాబట్టి లైన్లో నిలబడే పనేం లేదు, రెండు నిమిషాలు. బాబాయికి తెలిస్తే ఒప్పుకోడు, తెలీకుండా నా కార్డు మీద కట్టా.

వాలెట్‌కి తాళం ఇచ్చే ముందు మాత్రం ఎక్కడ పెడతారు అని అడగండి, సెల్లార్ అంటే సెల్లార్‌లోకి వెళ్ళేదాకా చూడండి, రోడ్ అంటే వద్దని చెప్పి మీరే తీసుకెళ్ళండి. మొహమాటం వద్దు, చలాన్ వాళ్ళకి రాదు.

కార్ లేకుండా రాగలిగితే ఇంకా మంచిది. మనవైపు నుంచి గూడూరు, సూళ్ళూరుపేట రైళ్ళు చెన్నై దాకా ఉన్నాయి, సెంట్రల్‌లో దిగి పార్క్ స్టేషన్‌కి రోడ్డు దాటితే తాంబరం వైపు లోకల్ ఎక్కి మాంబళంలో దిగొచ్చు. మాంబళం స్టేషన్ నుంచి టీ నగర్ బస్టాండ్ దాకా 2023 మేలో స్కైవాక్ తెరిచారు, కింద రంగనాథన్ స్ట్రీట్ తోపులాటలో దిగకుండా పైనుంచే నడిచి వెళ్ళొచ్చు. వట్టి చేతులతో వెళ్ళేటప్పుడు బాగుంటుంది, వచ్చేటప్పుడు పెట్టెలతో కష్టం, అది నేను ఒప్పుకుంటా.

టీ నగర్ అంటే త్యాగరాయ నగర్, ఈ పేటకి పేరు ఎవరిదో తెలుసు కదా, పిట్టి త్యాగరాయ శెట్టిగారు, మద్రాసు కార్పొరేషన్‌కి ప్రెసిడెంట్‌గా చేసిన మన తెలుగాయన. ఆ పార్కు పేరు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన పానగల్ రాజాగారిది, ఆయనా తెలుగే. కార్పొరేషన్ వయసు ఐతే 1688 నుంచి, దేశంలో అన్నిటికన్నా పాతది. ఇంత పాత సంస్థ, ఇంత బాగా పనిచేసే ట్రాఫిక్ పోలీసులు, దీపావళి ముందు రంగనాథన్ స్ట్రీట్‌లో లక్షల మందిని సర్దుతారు, వీళ్ళిద్దరూ కలిసి ఒక్క వీధికి ఒక్క బోర్డు పెట్టలేరా? ఒకే బోర్డు మీద ఇక్కడి నుంచి ఇక్కడిదాకా పెట్టొచ్చు, గంటకి ఇంత, ఇక్కడి నుంచి పెట్టకూడదు, పెడితే ఇంత, ఫిర్యాదుకి ఈ నంబర్, కింద రెండు సంస్థల గుర్తులూ. తమిళంలో, ఇంగ్లీషులో రాస్తారు, ఒక బాణం గుర్తు బొమ్మ కూడా వేస్తే నాయుడుపేట నుంచి వచ్చిన మనిషికీ అర్థమౌతుంది. వాలెట్ నడిపే షాపు తన చోటు ఎన్ని కార్లకో గుమ్మం మీద రాయాలి అని రూల్ పెట్టాలి, ఆ చోటు నిండాక టోకెన్ ఇవ్వకూడదు. రోడ్డు మీద వాలెట్ బండి దొరికితే ఆ టోకెన్ నంబర్ చూసి షాపుకి రాయాలి.

షాపు మేనేజర్‌కి ఈ చివరి మాట నేను మెయిల్ పెట్టా, ఫోటో కూడా పెట్టా, జవాబు రాలేదు. సెల్లార్ గురించి ప్లాన్ వివరాలు ఇవ్వమని ఆర్టీఐ కింద దరఖాస్తు రాసి పెట్టుకున్నా, మా పెద్దాయన చూసి రెండు చోట్ల దిద్దారు, సోమవారం పోస్ట్ చేస్తా, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చాక ఈ రివ్యూలోనే కింద కలుపుతా. పెళ్ళి వచ్చే నెల, మంగళసూత్రాలు తీసుకోడానికి బాబాయి ఇంకోసారి వస్తాడు, తణికాచలం రోడ్‌కే వెళ్తాం.